బొగోటా సందులో ఇద్దరు

"ముప్పై ఎనిమిది శాతం," అంది చెవి వెనకున్న మనసెరుక.

కొత్త గైడ్ గురించి ఆ అంకె విని వింధ్యావళికి ఊరట కలిగింది. మర్యాద కోసం దాచుకునేది ఎవరిలోనైనా ఆ మాత్రం ఉంటుంది. 2083లో మనసెరుక లేకుండా పరదేశంలో అడుగు పెట్టేవాళ్ళు లేరు. చెవి వెనక అతికించుకునే శనగబద్దంత పరికరం అది. ఎదుటివాళ్ళ మాటని తెలుగులో చెబుతుంది, మన మాటని వాళ్ళ భాషలో పైకి వినిపిస్తుంది. గొంతు వణుకునీ, ముఖ కండరాల సూక్ష్మ చలనాలనీ చదివి, ఆ మనిషి ఎంత దాస్తున్నదీ లెక్కకట్టి చెబుతుంది.

విశాఖపట్నంలో సముద్రజలాల మీద పరిశోధన చేసే వింధ్యావళి, బొగోటాకి ఒంటరిగా వచ్చింది. మార్కెట్ హోరెత్తిపోతోంది. గులాబీల గుట్టలు, పళ్ళమ్మేవాళ్ళ కేకలు, ఎక్కడో అకార్డియన్ పాట.

"బ్యాగు ముందుకి వేసుకోండి మేడమ్, ఇక్కడ రద్దీ ఎక్కువ," అంది గైడ్ మారిసోల్.

వింధ్యావళి బ్యాగుని గట్టిగా పట్టుకుని ఆమెని ఎగాదిగా చూసింది. మారిసోల్ చూపు తిప్పుకుంది.

"అరవై నాలుగు."

"ఎందుకు పెరిగింది?" నోట్లోనే గొణిగింది వింధ్యావళి.

"మీ కళ్ళలోకి చూడడం లేదు. గొంతు ఆరిపోయింది."

ఆ తర్వాత మారిసోల్ పళ్ళ పేర్లు చెబుతుంటే వింధ్యావళి ఆమె చేతులు మాత్రమే గమనించింది.

"ఈ సందులోంచి వెళ్దాం. చౌరస్తాకి దగ్గర దారి," అంది మారిసోల్.

"తొంభై ఒకటి."

వింధ్యావళి ఆగిపోయింది. "నేను రాను."

మారిసోల్ గోడకి ఆనుకుంది. ముఖం పాలిపోయింది. "మీరు నన్నేం చేద్దామనుకుంటున్నారు మేడమ్?" అంటూ జుట్టు పక్కకి తీసింది. ఆమె చెవి వెనకా మనసెరుక! "పొద్దున నలభై అంది. ఇప్పుడు మిమ్మల్ని తొంభై అంటోంది. కొత్తవాళ్ళతో తిరిగే పని కదా, గైడ్లమంతా పెట్టుకుంటున్నాం."

"ఆమె మోసం చేస్తోందా, నన్ను అనుమానిస్తోందా?" అని వింధ్యావళి తన యంత్రాన్ని అడిగింది.

"ఆ రెండు ముఖాలకీ తేడా నాకు తెలియదు."

వింధ్యావళి ఆ జవాబుని పైకి చెప్పేసరికి ఇద్దరూ ఒక్కసారే నవ్వేశారు. పరికరాలు పీకి జేబుల్లో పడేసుకున్నారు. ఇక మాటల్లేవు, సైగలే.

మారిసోల్ సందు వైపు చెయ్యి చాపింది, ముందు మీరు పదండన్నట్టు. వింధ్యావళి చిరునవ్వుతో తల అడ్డంగా ఊపి, ముందు నువ్వే అన్నట్టు చెయ్యి చూపింది. మారిసోల్ కదలలేదు. ఎదుటి మనిషికి వీపు చూపడం ఇద్దరికీ ఇష్టం లేదు.

దారినపోయేవాళ్ళకి మాత్రం అది మర్యాదలా కనిపించింది.