నంబర్లు వేసిన దుంగలు

హెల్మి పడవ దిగేసరికి ఆర్వో ఆమె క్యాబిన్ గోడల మీద సుద్దముక్కతో నంబర్లు వేస్తున్నాడు. దుంగకో నంబరు. చూడగానే ఆమెకు ఒళ్లు మండింది.

సరస్సు ఒడ్డున ఆ నేల ఓ పేపరు కంపెనీది. తాతల నాటి లీజు ఈ నెలతో సరి, క్యాబిన్ తీసేయాల్సిందే. కూల్చేదేదో నువ్వే కూల్చమని ఆర్వోకి చెప్పి, చివరిసారి చూసుకుందామని వచ్చింది హెల్మి. సోమవారం నుంచి పట్నం, ఆఫీసు. ఇటు రావడానికి ఇక సాకు కూడా ఉండదు.

ఎదుటి ఒడ్డున ఉండే ఈ వడ్రంగితో కలిసి నాలుగు వేసవులు ఆ పాడుబడ్డ క్యాబిన్‌ని నిలబెట్టింది. కుళ్లిన దుంగలు మార్చారు, గాలి దూరకుండా సందుల్లో నాచు కూరారు, తలుపు రంగు మీద పోట్లాడుకుని ఓ ఆగస్టంతా మాటలు మానేశారు. ఆ మధ్యలోనే ఎప్పుడో ఆమె మనసు పారేసుకుంది. చెబుదామంటే ఎప్పుడూ ఏదో ఒక మేకు అడ్డొచ్చేది.

నంబర్లు వేశారంటే గోడలు విప్పి మరోచోట అదే వరసలో పేరుస్తారని అక్కడ అందరికీ తెలుసు. పాత దుంగలకి పట్నంలో గిరాకీ ఉందనీ తెలుసు.

"ఎవడికి అమ్మావు? నేను వెళ్లేదాకా ఆగలేకపోయావా?"

ఆర్వో తిట్లన్నీ ఓపిగ్గా విని, ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఎవరికీ అమ్మలేదట. తన స్థలంలో పునాది రాళ్లు పరిచేశాడట. మంచు పడేలోగా దుంగలన్నీ తెప్ప మీద దాటించి మళ్లీ కట్టేస్తాడట.

"ముందే అడగొచ్చుగా?"

"అడిగితే వద్దంటావేమోనని భయం. అడక్కుండా చేస్తే తిడతావు, అంతేగా. తిట్లు నాకు అలవాటే."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మమ్మ ఈత నేర్పిన రాతిబండ మాత్రం ఏ తెప్పా ఎక్కదు. దాని మీద కాసేపు ఒక్కతే కూర్చుని, చేత్తో నిమిరి, వెళ్లొస్తానని చెప్పి వచ్చింది.

ఆర్వో ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఒక్కటే తేలలేదు. అక్కడ గుమ్మం ఎటు తిప్పమంటావు? సరస్సు వైపా, మా ఇంటి వైపా?"

"మీ ఇంటి వైపే తిప్పు," అంది హెల్మి. "నాలుగేళ్లుగా సరస్సు చూస్తున్నట్టు నటించలేక చస్తున్నాను."