ఆ వైపు కొట్టకు

శనివారం పొద్దున్నే దమయంతి పెనం మీద దోసె పోస్తుంటే కింద బేస్‌మెంట్‌లోంచి చప్పుళ్లు వస్తున్నాయి. బంతి బ్యాటుకు తగిలితే టక్కుమంటుంది, ప్యాడుకు తగిలితే దబ్బుమంటుంది. ఇన్నేళ్లుగా వినీ వినీ ఆ తేడా ఆమెకు వంటింట్లోంచే తెలిసిపోతుంది. ఈ రోజు అన్నీ దబ్బుదబ్బులే. ప్రతి దబ్బు వెనకా భర్త చక్రధర్ అరుపు.

“మళ్లీ అదే! కాలు అడ్డం పెట్టకే అంటే బుర్రకెక్కదా? మణికట్టు తిప్పు! మణికట్టు!”

“ఐ యామ్ ట్రయింగ్, డాడీ!”

“ఇదా ట్రై చెయ్యడం? నిద్రపోతూ ఆడేవాళ్లు కూడా ఇంతకన్నా బాగా ఆడతారు.”

దమయంతికి చిర్రెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. బ్రాంప్టన్‌లో ఆ వీధి వీధంతా ఇంకా దుప్పట్లలోనే ఉంది. డ్రైవ్‌వే పక్కన మార్చి నెల మంచు మట్టిగొట్టుకుపోయి పడి ఉంది. తమ ఇంట్లో మాత్రం యుద్ధం మొదలై వారం కావస్తోంది.

గుంటూరులో చదువుకునే రోజుల్లో చక్రధర్ యూనివర్సిటీ జట్టుకు ఓపెనర్. ఆపైన మరెక్కడికీ వెళ్లలేకపోయాడు. ఆ బాధ ఆయన నోరు తెరిచి ఎవరికీ చెప్పడు గానీ, కూతురి చేతికి ప్లాస్టిక్ బ్యాటు ఇచ్చిన నాటి నుంచీ ఆయన మొహమే చెబుతూ వస్తోంది. ఇషితకు ఇప్పుడు పదహారేళ్లు. ఒంటారియో అమ్మాయిల జట్టుకు ఎంపికలు జరుగుతున్నాయి. పోయిన ఆదివారం మొదటి విడతలో ఆ పిల్ల ఆఫ్ సైడ్ కొట్టిన డ్రైవ్‌లకు కోచ్ చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత కాళ్ల మీదికి బంతులు వేయించింది. అలాంటి బంతిని మణికట్టు తిప్పి లెగ్ సైడుకు, అంటే ఆడేవాళ్ల వీపు వైపుకు, తోసెయ్యాలి. చిన్నపిల్లలు కూడా చేసే పని. ఇషిత మాత్రం కాలు అడ్డం పెట్టి బంతిని వచ్చిన దారినే వెనక్కి పంపబోయింది. ప్రతిసారీ బంతి ప్యాడుకు తగిలింది. ఔట్, మళ్లీ ఔట్, మళ్లీ ఔట్.

శనివారం ఇంకోసారి చూస్తాను, అదే ఆఖరు అని కోచ్ చెప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. తన కూతుర్ని కూడా ఎంపికకు తీసుకొచ్చిన కోటేశ్వరరావు పదిమందిలో నవ్వుతూ అననే అన్నాడు. “మీ అమ్మాయికి లెగ్ సైడ్ అన్నదే లేదేంటండీ చక్రధర్ గారూ? కోచింగ్ మీదే కదా?”

ఆ మాట చక్రధర్‌కు ముల్లులా గుచ్చుకుంది. ఆ కసంతా వారం నుంచీ కూతురి మీద తీర్చుకుంటున్నాడు. ఆఫీసు నుంచి రావడం, బూట్లు విప్పకముందే “కిందికి రా” అనడం. పిల్ల హోమ్‌వర్కు, తిండి అన్నీ వెనక్కి పోయాయి.

దమయంతి భయం వేరే. కూతురు జట్టులోకి వెళ్లకపోతే కొంపేమీ మునిగిపోదు. కానీ ఆ తండ్రీకూతుళ్లు మాట్లాడుకునేది క్రికెట్ ఒక్కదాని గురించే. ఆయన తెలుగు, ఆ పిల్ల ఇంగ్లీషు కలిసేది ఆ ఆటలోనే. ఈ పూట తేడా వస్తే వాళ్లిద్దరి మధ్యా ఏమీ మిగలదు.

మెట్లెక్కి ముందు ఇషిత వచ్చింది. జుట్టంతా చెమట. వెనకే చక్రధర్, చేతిలో బంతులు విసిరే పొడుగాటి ప్లాస్టిక్ గరిటె.

“దోసె తిను” అంది దమయంతి.

“ఆకలి లేదు.”

“ఎందుకుంటుంది? సిగ్గూ లేదు, ఆకలీ లేదు” అన్నాడు చక్రధర్. “ఇన్నేళ్లు నేర్పిందంతా బూడిదలో పోసినట్టయింది. నాకు తెలుసే. నువ్వు కావాలనే చేస్తున్నావు. నా పరువు తియ్యడానికి.”

ఇషిత గ్లవ్స్ విప్పి టేబుల్ మీద విసిరింది. “నీ పరువా? బ్యాట్ నా చేతిలో ఉంది, డాడీ. ఔట్ అయ్యేది నేను. ఎవ్రీవన్ నవ్వేది నన్ను చూసి!”

“నవ్వరా మరి? ఆ కోటేశ్వరరావు కూతురు నిన్నగాక మొన్న బ్యాట్ పట్టింది. ఆ పిల్ల కూడా అలవోకగా కొడుతోంది!”

“అయితే గో అండ్ కోచ్ హర్!”

“ఇషీ!” అని అరిచింది దమయంతి.

“నో అమ్మా. ఐ యామ్ డన్. ఈ రోజు డాడీ రాకూడదు. వస్తే నేను కారు దిగను. ఈ రోజు సెలెక్ట్ కాకపోతే ఐ క్విట్. సెలెక్ట్ అయినా కూడా డాడీతో ఇంకెప్పుడూ ఆడను. నెవర్.”

చక్రధర్ చేతిలోని గరిటెను కిచెన్ కౌంటర్ మీద విసిరికొట్టాడు. చట్నీ గిన్నె ఎగిరి నేల మీద పడింది.

“నేను లేకపోతే నువ్వెవరే? ఎవరికి తెలుసు నువ్వు? పో! నేను రాను. ఎలా ఆడతావో నేనూ చూస్తా!”

“రానంటూనే చూస్తానంటారేంటి?” అంది దమయంతి. నోరు జారిందని ఆమెకే తెలుసు. ఆయన ఒంటికాలి మీద లేచాడు.

“నీ గారాబం వల్లే ఇలా తయారైంది. వెనకేసుకురా ఇంకా!”

“పొద్దున్నే పిల్ల ఉసురు పోసుకుంటున్నారు మీరు. తండ్రి చేసే పనేనా ఇది?”

చక్రధర్ మళ్లీ బేస్‌మెంట్‌లోకి వెళ్లి తలుపు ధడాలున వేసుకున్నాడు. దమయంతి చట్నీ తుడుస్తూ కళ్లు తుడుచుకుంది. రెండూ ఒకే చేత్తో తుడవడంతో కళ్లు మండిపోయాయి.

దారిలో ఇషిత చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దమయంతి డ్రైవ్ చేసింది. ఎంపికలు జరిగేది గోడౌన్లుండే రోడ్డులో, ట్రైలర్ల వరస వెనక ఉన్న ఒక పెద్ద షెడ్డులో. లోపల పచ్చటి మ్యాట్లు, పైనుంచి వేలాడే వలలు. కోటేశ్వరరావు అప్పటికే కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు.

“చక్రధర్ గారు రాలేదాండీ?”

“పనుందండీ ఆయనకి.”

“ఆ... ఆ...” అన్నాడాయన. ఆ రెండు అక్షరాల్లోనే ఎంత వెటకారం పడుతుందో అంతా పట్టించాడు.

కోచ్ షెరిల్ పొడుగాటి మనిషి. ట్రినిడాడ్ నుంచి వచ్చి స్థిరపడిందట. గట్టిగా మాట్లాడదు. ఇషిత మొదట్లో బాగానే ఆడింది. ఆఫ్ సైడ్ డ్రైవ్‌లు వలను చీల్చుకుపోతాయా అన్నట్టు తగిలాయి. అంతలో షెరిల్ బౌలింగ్ మెషీన్‌ను కాస్త పక్కకు తిప్పింది. బంతులు కాళ్ల మీదికి రాసాగాయి.

దబ్బు. దబ్బు. దబ్బు.

కోటేశ్వరరావు నాలుక చప్పరించాడు. దమయంతి అటు చూడకుండా పళ్లు బిగబట్టి నిలబడింది.

షెరిల్ మెషీన్ ఆపేసింది. నెట్‌లోకి వెళ్లి, బంతి లేకుండా ఊరికే బ్యాటును లెగ్ సైడుకు ఊపమంది. ఇషిత ఊపింది. సగం దాకా వచ్చిన బ్యాటు ఎవరో పట్టుకున్నట్టు టక్కున ఆగిపోయింది. మళ్లీ ఊపింది. మళ్లీ అక్కడే ఆగింది. బంతే లేదు, ఔటయ్యే భయమూ లేదు. అయినా చెయ్యి వెళ్లడం లేదు. ఇషిత మొహం తెల్లబోయింది.

“ఆ వైపు ఎవరున్నారు? ఎవరికి తగులుతుందని భయం?” అని షెరిల్ మెల్లగా ఇంగ్లీషులో అడిగింది.

ఇషిత ఆ వైపుకు చూసింది. ఖాళీ వల, దాని అవతల ఖాళీ నెట్.

“గాడ్” అంది చివరికి.

కోటేశ్వరరావు పకాలున నవ్వాడు. దమయంతికి మాత్రం వెనకటి బేస్‌మెంట్ కళ్లముందు కదిలింది.

పాత ఇల్లు చిన్నది. పైన దీపం పెడితే, అగరుబత్తి వెలిగిస్తే స్మోక్ అలారం గోల గోల చేసేది. అందుకని దమయంతి దేవుణ్ని బేస్‌మెంట్‌లో పెట్టుకుంది. చలికాలమంతా చక్రధర్ కూతురికి బంతులు విసిరేదీ ఆ బేస్‌మెంట్‌లోనే. ఇషిత బ్యాట్ పట్టుకుని నిలబడితే దేవుడి అర సరిగ్గా లెగ్ సైడ్ పడేది. ఒకసారి ఆ పిల్ల కొట్టిన బంతి తగిలి వెంకటేశ్వరస్వామి పటం అద్దం భళ్లున పగిలింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పటం. దమయంతి ఆ రోజంతా అన్నం ముట్టలేదు. “దేవుడికి దెబ్బ తగిలింది చూడవే” అని ఆ పసిదాని ముందు కూర్చుని ఏడ్చింది. పిల్ల చేతులు జోడించి గోడకేసి సారీ సారీ అంటూ వెక్కిళ్లు పెట్టింది. ఆ మర్నాడే చక్రధర్ కొత్త రూలు పెట్టాడు. ఆ వైపు కొడితే ఔట్, ఆ రోజుకి ఆట బంద్. అది మొదలు వాళ్లు ఆడినంతసేపూ దమయంతి మెట్ల మీంచి “ఆ వైపు కొట్టకు, ఆ వైపు కొట్టకు” అని అరుస్తూనే ఉండేది.

ఆ తర్వాత పెద్ద ఇల్లు కొన్నారు. పైన విడిగా పూజ గది వచ్చింది. దేవుడు మేడెక్కాడు. రూలు సంగతి భార్యాభర్తలిద్దరూ మర్చిపోయారు. అలవాటు కొద్దీ చక్రధర్ అక్కడా ఆఫ్ సైడు బంతులే విసురుతూ వచ్చాడు. ఇక ఆ వైపు కొట్టవచ్చని పిల్లకు చెప్పినవాళ్లే లేరు.

“అయ్యో దేవుడా” అంటూ వెనక్కి తిరిగిన దమయంతికి ద్వారం దగ్గర చక్రధర్ కనిపించాడు. గ్యారేజీలో వేసుకునే పాత జాకెట్, విప్పని మంచు బూట్లు. ఎప్పుడొచ్చాడో, అంతా విన్నట్టే ఉన్నాడు. ఆయన్ని చూడగానే ఆమెకు దుఃఖం పోయి కోపం తన్నుకొచ్చింది.

“విన్నారా? ఔట్ అన్నది మీరే కదా! ఆ వైపు కొడితే ఆట బంద్ అన్నది మీరే! ఇప్పుడు కొట్టడం లేదని వారం నుంచి పిల్లను కాల్చుకు తింటున్నారు!”

“నేనేం చెయ్యను? అన్నం మానేసి ఏడ్చింది నువ్వు! బంతులాట కావాలో దేవుడు కావాలో తేల్చుకోమన్నది నువ్వు!”

“ఆ రూలు తీసేశానని ఒక్క మాట చెప్పచ్చు కదా? కోచ్‌నని ఊరంతా చెప్పుకుంటారే!”

“నువ్వు చెప్పావా? మేడ మీద పూజ గది పెట్టుకున్నావు కానీ, అమ్మాయీ ఇక భయపడకు అని చెప్పావా?”

పక్క నెట్స్‌లో ఆడేవాళ్లు కూడా ఆగిపోయి చూస్తున్నారు. తెలుగు రాని షెరిల్ చేతులు కట్టుకుని నిలబడింది.

“స్టాప్ ఇట్!” ఇషిత గొంతు చించుకుని అరిచింది. “నా గురించే కదా ఫైట్? నన్నెవరైనా అడిగారా? ఎప్పుడైనా అడిగారా? నేను వేస్ట్ అనుకున్నా. వారమంతా నాలోనే ఏదో రాంగ్ అనుకున్నా!”

చక్రధర్ నెట్టు చుట్టూ తిరిగి వెళ్లి, లెగ్ సైడ్ వల అవతల, ఆ ఖాళీ నెట్‌లో కూతురికి ఎదురుగా నిలబడ్డాడు.

“ఇషీ, ఇక్కడ దేవుడు లేడమ్మా. నేనున్నాను. నన్ను కొట్టు.”

“డాడీ, డోంట్.”

“కొట్టవే. నా మీద కోపం లేదా నీకు?”

షెరిల్ ఇషిత మొహం చూసింది, చక్రధర్ మొహం చూసింది. ఆయన్ని వలకు నాలుగడుగులు దూరం జరగమని చేత్తో చూపించి, మెషీన్ దగ్గరికి వెళ్లింది.

మొదటి బంతికి బ్యాటు సగంలోనే ఆగింది. దబ్బు. రెండోది అంచుకు తగిలి కిందపడింది. ఆ తర్వాతి బంతికి ఇషిత కళ్లనిండా నీళ్లతో పళ్లు బిగించి మణికట్టు తిప్పింది. టక్! బంతి వలను తోసుకుంటూ చక్రధర్ గుండెల ఎదురుగా వచ్చి ఆగింది. ఆయన అదిరిపడి వెనక్కి తగ్గాడు. మళ్లీ వచ్చి అక్కడే నిలబడ్డాడు.

“ఊఁ. ఇంకోటి.”

“ఇది నిద్రపోతూ ఆడతారు అన్నందుకు!” టక్.

“ఊఁ.”

“ఇది చట్నీ పారబోసినందుకు! అమ్మ ఏడ్చింది!” టక్.

“కరెక్టే. కొట్టు.”

“ఇది కోటేశ్వరరావ్ అంకుల్ కూతురితో పోల్చినందుకు!”

కాఫీ కప్పు పట్టుకున్న కోటేశ్వరరావు తలుపు దగ్గరికి జరిగి, అక్కడి నోటీసు బోర్డును శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

తర్వాత ఇషిత ఏమీ చెప్పలేదు. బంతి వెనక బంతి, ఊపిరి ఎగబీలుస్తూ, ఏడుస్తూ, అదే వైపుకు కొడుతూనే ఉంది. కాలు ఇప్పుడు అడ్డం పడటం లేదు. చక్రధర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. బంతి తగులుతుందని కాదు. ఆయన భుజాలు అదురుతున్నాయి.

దమయంతి ఇక నిలబడలేకపోయింది. హ్యాండ్‌బ్యాగు నేల మీద వదిలేసి నెట్టు చుట్టూ తిరిగి వెళ్లి భర్త పక్కన నిలబడింది.

“నువ్వెందుకమ్మా? యూ గెట్ స్కేర్డ్. పక్కకెళ్లు” అంది ఇషిత ముక్కు తుడుచుకుంటూ.

“భయమే. అయినా కొట్టు. ఆయన ఒక్కడే చేశాడా? నాకు రావాల్సింది నాకివ్వు.”

చక్రధర్ ఆమె వైపు చూసి కాస్త జరిగి చోటిచ్చాడు. మెషీన్ గుర్రుమంది. దమయంతి కళ్లు గట్టిగా మూసుకుంది. టక్కుమన్న శబ్దం, వల విసురు, మొహానికి చల్లటి గాలి. కళ్లు తెరిచేసరికి కూతురు బ్యాట్ కింద పడేసి, వల అవతల నుంచి వాళ్లిద్దరినీ కలిపి పట్టుకోబోతూ, వేళ్లు వలలో చిక్కుకుని, ఏడుస్తూ నవ్వుతోంది.