పలకల షెడ్డులో రామయ్య బండి

"మహేంద్రన్నా... ఓ మహేంద్రన్నా! నిన్న మనం విప్పిన ఇనుప పట్టీ మళ్ళీ బండికి ఎక్కిందన్నా!"

తెల్లారీ తెల్లారకముందే వీధి ఆ మొగదల నుంచి ఈ కేక. పళ్ళు తోముకునేవాళ్ళు వేపపుల్ల నోట్లో పెట్టుకుని అట్లనే నిలబడిపోయినారు. కేక వేసింది వెల్డింగు విక్టర్. లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకుంటా వస్తున్నాడు. ఎక్కడినుంచి వస్తున్నావని ఎవరూ అడగలే. ఆ మొహం చూస్తే చాలు... పలకల షెడ్డు నుంచి.

ఆ షెడ్డు సంగతి తెలియనివాళ్ళకి ముందు అది చెప్పాల. మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దోవలో ఎడం చేతి పక్క మూతబడిన పలకల ఫ్యాక్టరీ ఒకటుంది. ఒకప్పుడు ఎక్కడెక్కడి పిల్లోళ్ళో అక్కడి పలకల మీద అక్షరాలు దిద్దినారు. ఇప్పుడు నేలంతా పలక పెంకులు, పైన సగం రేకులు, ఆ రేకులకి గబ్బిలాలు. గబ్బిలాల కింద రామయ్య పికప్పు బండి.

రామయ్య ఆ బండిలోనే పోయినాడు. గిద్దలూరు అవతల నల్లమల ఘాటు దిగుతుంటే బండి ఒక పక్కకి ఒరిగి బండను గుద్దింది. ముందు సీట్లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయినాడు. అప్పటినుంచి పొద్దుగూకితే షెడ్డు దోవన ఎవరూ నడవరు. ఆటోవాళ్ళు అక్కడికి రాగానే హారన్ మీద నుంచి చెయ్యి తియ్యరు. లోపల స్పానరు మోగుతాదంట. దగ్గు వినపడతాదంట. బర్రెలు కాసే ఒకాయన, బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడిన రామయ్యను కళ్ళారా చూసినానని ప్రమాణం చేసినాడు. ఆయన మధ్యాహ్నం నుంచే తాగి ఉంటాడు, అది వేరే మాట అనుకోండి.

మహేంద్ర రామయ్య చిన్న కొడుకు. బస్టాండు వెనక మెకానిక్కు షెడ్డు. ఊరంతా ఆ పికప్పును చావుబండి అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మహేంద్ర గుండెలో మేకు దిగినట్టు ఉండేది. నాయన తన చెమటతో తోలిన బండి అది. దానికి ఆ పేరు పోవాల. ఎట్ల పోతాది? పందెంలో గెలిస్తే పోతాది.

పందెమంటే మన ఎడ్ల పందెం కాదు. బెంగళూరు అవతల ఎక్కడో విమానాలు దిగడం మానేసిన రోడ్డుందంట. రెండు బండ్లు పక్కపక్కన నిలబెడతారు. పచ్చ లైటు పడితే వదులుతారు. పావు మైలు, గీత గీసినట్టు తిన్నని దోవ. ముందు గీత దాటినోడు గెలిచినట్టు. మలుపుల్లేవు, గుంతల్లేవు, అడ్డమొచ్చే బర్రెల్లేవు. మనవాళ్ళకి అది రోడ్డు లాగే కనపడదు.

అందుకని మహేంద్ర ఆ బండికి ప్రాణం పోసినాడు. తుప్పు గీకినాడు. గుండ్రటి లైట్లు, పళ్ళికిలించినట్టుండే ముందు జాలీ, పాతవి పాతవిగానే నిలబెట్టినాడు. పాత ఇంజను దించి, గుద్దుకుని తుక్కుకి వచ్చిన పెద్ద కారు డీజిల్ ఇంజను ఎక్కించినాడు. దానికి గాలి ఎక్కించి బలం పెంచే బుర్రంత టర్బో తగిలించినాడు. మొదటిసారి స్టార్టు చేసిన రోజు గబ్బిలాలన్నీ పట్టపగలే లేచిపోయినాయి.

ఇంక మిగిలింది బరువు. ఎంత తగ్గితే అంత ముందు. వెనక చెక్కలు ఊడబీకినాడు. డోర్లు పలచన చేసినాడు. బండికి వెన్నెముక లాంటి చాసిస్ కింద అడ్డంగా ఒక పట్టీ ఉంది, రైలు పట్టా ముక్క లాగా, ఇద్దరు మోస్తే గాని లేవదు. పలకలు మోసే కాలంలో లోడు కోసం వేసుంటారు, ఇప్పుడెందుకు అని అది కూడా విప్పి గోడకి ఆనించినాడు.

తెల్లారేసరికి అది బండి కింద ఉంది. బోల్టులన్నీ బిగించి... గ్రీజు కూడా పూసి.

"నిన్న ఏం రోజన్నా?" అన్నాడు విక్టర్, గొంతు తగ్గించి.

మహేంద్ర వేళ్ళ మీద లెక్కపెట్టినాడు. నిన్న అమావాస్య.

ప్రతి అమావాస్యకీ వాళ్ళమ్మ రంగమ్మ చీకటి పడినాక గిన్నె పట్టుకుని షెడ్డుకి పోతాది. దుర్మరణం పోయిన మనిషికి పోయినచోటే పెట్టాల అంటాది. ఘాటుకి పోలేం గనక బండి దగ్గర పెడతాది. వెనక్కి తిరిగి చూడకుండా వస్తాది. పొద్దున పోతే గిన్నె ఖాళీ. ఖాళీ అవడమే కాదు, తోమి బోర్లించి ఉంటాది.

దాని మీద మహేంద్ర భార్య సుజాత ఒక మాట అనేది. "మామ బతికుండగా తాగిన చెంబు కూడా కడగలేదంట గదత్తా. చచ్చినాక బాగానే పని నేర్చినాడే."

రంగమ్మ నవ్వేది కాదు. "నోరు మూసుకుని రొట్టెలు కాల్చు" అనేది.

ఆ పొద్దు మహేంద్ర వచ్చి పట్టీ సంగతి చెబితే రంగమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. "మీ నాయన వద్దంటున్నాడు రా. ఆ పట్టీ ఉండనీ."

"అంత బరువు పెట్టుకుని ఎట్ల గెలుస్తానమ్మా?"

"గెలవకపోతే ఏమాయె."

"ఏమాయెనా? చావుబండి రామయ్య కొడుకు అంటున్నారమ్మా నన్ను."

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాల. రామయ్యకి పెద్దకొడుకు ఉన్నాడు, శ్రీకాంత్. ఆ రోజు ఘాటులో స్టీరింగు పట్టుకున్నది ఆయనే. ఆయనకి చెయ్యి విరిగి ఊరుకుంది. పెద్ద దినం నాడు, బంధువులంతా విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, మహేంద్ర అన్న ముందున్న విస్తరి లాగి వీధిలో పారేసినాడు.

"నాయన్ని చంపినోడికి ఈ ఇంట్లో మెతుకు లేదు. అమ్మా, వీడు చచ్చినాడనుకో. బతికున్నాడని పిలిచి పెట్టినావంటే నా మీద ఒట్టే... నా శవం చూస్తావు."

శ్రీకాంత్ లేచి చేతులు కడుక్కున్నాడు. తినని చేతులు. గిద్దలూరు పోయి సరుకుల ఆటో తోలుకుంటున్నాడు. అన్నదమ్ములు ఎదురుపడితే ఒకరు టీ కొట్లోకి తిరిగేవాళ్ళు.

సరే. మహేంద్ర పట్టీ మళ్ళీ విప్పినాడు. నాలుగు రోజులు గడిచినాయి. మళ్ళీ ఎక్కింది. ఈసారి అమావాస్య కూడా కాదు. విక్టర్ మెడలో శిలువ పట్టుకుని, "అన్నా, నేను ప్రార్థన చేసుకునేవాణ్ణే... కానీ మీ నాయనతో నాకెందుకన్నా" అన్నాడు.

పందెం ఆదివారం. శుక్రవారం పొద్దున లారీ వచ్చి బండిని ఎక్కించుకుపోతాది. గురువారం పొద్దుగూకేముందు మహేంద్ర పట్టీ మూడోసారి విప్పినాడు. ఇంట్లో చెప్పలే. విక్టర్‌ను బతిమాలి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరూ పాత పలకల పెట్టెల వెనక నక్కినారు.

చీకటి పడింది. ఊర్లో అన్నాల వేళ. దూరంగా ఏదో ఇంట్లో టీవీ... తర్వాత అదీ లేదు.

కర... కర...

పలక పెంకుల మీద అడుగులు.

విక్టర్ చెయ్యి వచ్చి మహేంద్ర మోచెయ్యి పట్టుకుంది. "దెయ్యాలకి అడుగుల చప్పుడుండదంట గదన్నా" అన్నాడు గుసగుసగా.

"మా నాయన బూట్లు లేకుండా తిరగడు. ఊరుకో."

కర... కర... ఆగింది. ఒక దగ్గు. గొంతులో రాయి దొర్లినట్టు... మహేంద్ర పుట్టినప్పటినుంచి విన్న దగ్గు.

తలకి తువ్వాలు చుట్టిన ఆకారం ఒకటి బండి దగ్గరికి పోయింది. దీపం లేదు. తడుముకోలే. కళ్ళు మూసుకున్నా తెలిసిన ఇంట్లో నడిచినట్టు పోయింది. బానెట్టు మీద చెయ్యి ఆనించింది. కొంచెంసేపు అట్లనే నిలబడింది...

తర్వాత వంగింది. జాకీ కీచుమనింది. పట్టీ నేల మీద ఈడ్చిన చప్పుడు. మనిషి బండి కిందికి పోయినాడు. టక్... టక్... స్పానరు.

మహేంద్ర లేచినాడు. ఎందుకు లేచినాడో వానికే తెలియదు.

"నాయనా..."

స్పానరు ఆగింది.

"నాయనా, ఒక్కసారి పోనీ. ఆ బరువుంటే గెలవలేను. నీ బండికి మంచి పేరు తెస్తా... ఒక్కసారి."

బండి కింద ఊపిరి చప్పుడు కూడా లేదు. పైన రేకు ఒకటి గాలికి కదిలింది.

అప్పుడు నేల లోపల నుంచి వచ్చినట్టు ఒక గొంతు. "పోతే తిరిగి రావు."

విక్టర్ భయంతో సెల్లు తీసి లైటు వేసినాడు. బండి కింద నుంచి రెండు పాదాలు బయటికి ఉన్నాయి. దెయ్యానికి వెనక్కి ఉంటాయంటారే, ఇవి ముందుకే ఉన్నాయి. మడమలు పగిలి, హవాయి చెప్పులు అరిగి.

"లైటు తియ్యి రా. వాని కళ్ళలో పడుతుంది."

ఆ మాట వెనక నుంచి. వాకిట్లో రంగమ్మ నిలబడి ఉంది. చేతిలో గిన్నె.

బండి కింద మనిషి మెల్లగా బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. శ్రీకాంత్.

మహేంద్రకి భయం పోయి దాని చోట కోపం వచ్చింది. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. అన్నను కాదు, అమ్మను.

"మొదటి అమావాస్య నుంచి" అంది రంగమ్మ. "రేపు బండి పోతాదంటే వాడు ఈ రాత్రి రాకుండా ఉండడని ఇది కూడా తెచ్చినా." గిన్నె చూపించింది. "చచ్చినాడనుకో అన్నది నువ్వే గదా. అనుకున్నా. చచ్చినోళ్ళకి అమావాస్యకి పెట్టాల గదా. పెట్టినా. పిలవలే, పక్కన కూర్చోలే, తింటుంటే వెనక్కి తిరిగి చూడలే. నీ ఒట్టు నేనెక్కడ తప్పినా?"

"నాయన పేరు చెప్పి..."

"మీ నాయనకి సజ్జ రొట్టె పడేదే కాదు. ఇన్నేళ్ళూ ప్రతి అమావాస్యకీ మన పొయ్యి మీదే కాల్పించినా. ఎవరికని ఒక్కనాడన్నా అడిగినావా?"

శ్రీకాంత్ స్క్రూడ్రైవర్ తీసుకుని మళ్ళీ వంగినాడు. పట్టీ బిగించే చోట చాసిస్ మీద మందంగా తారు పూసి ఉంది. దాన్ని గీకినాడు. "విక్టర్, లైటు ఇట్ల పట్టు."

తారు కింద పగులు. చిటికెన వేలు దూరేంత. ఈ పక్క నుంచి ఆ పక్కకి.

"ఆ రోజు ఇరిగింది ఇక్కడే" అన్నాడు. తమ్ముని మొహం చూడలే, పగులుతోనే మాట్లాడినట్టు మాట్లాడినాడు. "వెనక చక్రం పక్కకి లాగేసింది. స్టీరింగు నా చేతిలోనే ఉంది, బండి మాత్రం నా చేతిలో లేదు. తర్వాత నేనే ఈ పట్టీ వేయించి, తారు పూసి, తెచ్చి ఇక్కడ పెట్టినా. ఇది లేకుండా నీ ఇంజను ఒక్క దెబ్బ కొడితే బండి రెండు ముక్కలు. అందుకే అమావాస్య నాడు విప్పి ఉండడం చూసినప్పటినుంచి వీలైన రాత్రల్లా వచ్చి చూసి పోతున్నా."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ఏం చెప్పాల? ఘాటు దిగేటప్పుడు అంత లోడు వద్దు నాయనా అంటే వినలేదని చెప్పాల్నా? పెద్ద దినం నాడు, చచ్చిన మనిషి మీద?" శ్రీకాంత్ స్క్రూడ్రైవర్ కింద పెట్టినాడు. "నన్ను అంటే నన్నే అననీలే అనుకున్నా. ఇన్నేళ్ళు అంటావనుకోలే."

మహేంద్ర వంగి ఆ పగులు మీద వేలు పెట్టినాడు. చల్లగా తగిలింది. మెకానిక్కు గదా, ఎవరూ వివరించనక్కర్లే. పట్టీ ఉన్నా ఈ చాసిస్ ఆ ఇంజనుకి ఆగదు. కొత్త చాసిస్ వేస్తే అది నాయన బండి కాదు. లారీ వస్తే ఖాళీగా పోవాల్సిందే. ఊరు చావుబండి అంటూనే ఉంటాది... ఊరు అన్నది బండిని, ఇన్నాళ్ళూ తను అన్నది అన్నని.

"నన్ను అడగాల్సింది" అన్నాడు శ్రీకాంత్.

"ఎట్ల అడగాల? చచ్చినోణ్ణి ఎట్ల అడగాల?" అన్నాడు మహేంద్ర. అనేసినాక ఆ మాట తన చెవికే తగిలి తల దించుకున్నాడు.

రంగమ్మ ఇంకా వాకిట్లోనే ఉంది. గిన్నె కింద పెట్టలే.

"ఇన్నాళ్ళు దెయ్యానికని పెట్టినా. ఇప్పుడు నువ్వు చూసినావు. ఇంక ఇది దెయ్యం కాదు" అంది. "ఈ కూడు ఎవరికి పెట్టాల్నో నువ్వే చెప్పు. చెప్పకపోతే తీసుకపోతా."

గబ్బిలాలు ఒకటొకటే వచ్చి రేకులకి వేలాడినాయి. విక్టర్ లైటు ఆర్పేసినాడు. అన్నదమ్ముల మొహాలు అట్ల చూడడం బాగుండదని.

చీకట్లో మహేంద్ర గొంతు వినపడింది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టినా... ఇంటికి రమ్మను."

ఇంట్లో సుజాత ముగ్గురికి వండి, ఆ అన్నం మూతేసి, మొగుడెక్కడ పోయినాడో అని తిట్టుకుంటా ఉంది. వాకిట్లోకి నలుగురు వచ్చినారు. ఒక్కసారి బావను చూసింది, ఒక్కసారి అత్తను చూసింది. పొయ్యి మళ్ళీ వెలిగించి పప్పుకి పెట్టింది, బియ్యం కడిగింది. ఉడికేదాకా అందరూ వసారాలో కూర్చున్నారు. శ్రీకాంత్ గడప అవతలే, ఎప్పుడంటే అప్పుడు లేచిపోయే మనిషి లాగా. ఒకరు దగ్గితే ఇంకొకరు ఉలిక్కిపడినారు.

"నేను ఇంటికి పోయి తింటాలే వదినా" అన్నాడు విక్టర్, చెప్పులు వెతుక్కుంటా.

"కూర్చో" అంది రంగమ్మ.

సుజాత కంచాలు వరసగా పెట్టింది. శ్రీకాంత్ గడప దాటి వచ్చి చివర కూర్చున్నాడు. మహేంద్ర వచ్చి పక్కన కూర్చున్నాడు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి. అందరూ తిన్నాక తినే రంగమ్మ కూడా ఆ పొద్దు ఆ జాగాలోనే కూలబడింది. సుజాత వడ్డించి తను కూడా కూర్చుంది.

పప్పులో ఉప్పు లేదు. ఎవరూ అడగలే. ఐదుగురూ తల వంచుకుని తిన్నారు.