మూడు వేళ్ల కొలత

మూడు వారాల్లో ముగ్గురు సైంటిస్టులు పోయారు. ముగ్గురికీ చేతి లోపలి వైపు, మణికట్టుకు మూడు వేళ్ల పైన, ఒకటే సూది పోటు.

"నైగువాన్. చైనా వైద్యంలో వాంతులాపే పాయింట్," అన్నాడు చీఫ్ శ్యాంసుందర్. "విదేశీ ముఠా అక్కడే విషం ఎక్కిస్తోంది. నెక్స్ట్ టార్గెట్ వెంకట్రాజం. కేన్సర్ పేషెంట్, వాంతులకు ఆక్యుపంక్చర్ క్లినిక్‌కి పోతాడు. మన రాడార్ల మాస్టర్ కోడ్ ఆయన తలలో తప్ప ఎక్కడా లేదు. ఎల్లుండి టీం వచ్చి రాసుకుంటుంది. అప్పటిదాకా బతికించు. క్లినిక్‌లో మన లేడీ ఏజెంట్ కలుస్తుంది. కోడ్ వర్డ్, తాలు కాయ. రంగు పోయిన మిర్చి."

ఏజెంట్ చంద్రమౌళి ఎనుమాముల మార్కెట్‌లో ఒక పూటంతా మిర్చి బస్తాలు మోసి, అదే వేషంలో ఖిలా వరంగల్‌లోని ఆక్యుపంక్చర్ క్లినిక్‌కి వెళ్లాడు. చెయ్యి నొప్పన్నాడు. అబద్ధం కాదు. డాక్టర్ రజియా అతని వేళ్లనే అతని మణికట్టు మీద పెట్టి కొలిచింది.

"ఎవల ఒంటికి వాళ్ల వేళ్లే కొలత, అన్నా. నా వేళ్లు నీకు పనికిరావు."

మర్నాడు పొద్దున వెంకట్రాజం వచ్చాడు. రజియా రాలేదు. తెల్లకోటులో ఒక అందగత్తె ఉంది. పేరు కావ్య అంది. చంద్రమౌళి పక్కనుంచి పోతూ "తాలు కాయ" అని నవ్వింది. అతని ప్రాణం కుదుటపడింది.

"రజియా మేడం దగ్గరే నేర్చుకున్న, ఫికర్ చెయ్యకుండ్రి," అంటూ ముసలాయన మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టింది. గోళ్లకు ఎర్రరంగు. అవి ఆమె వేళ్లే!

సూది చర్మం దాకా వచ్చింది. ఆఫీసు ఇచ్చిన లేజర్ పెన్నులో ఛార్జింగ్ లేదు. చంద్రమౌళి భుజమ్మీది తువ్వాలు ఆమె ముఖం మీద ఒక్క దులుపు దులిపాడు. మిర్చి ఘాటుకు ఆమె తుమ్మింది. సూది కింద పడింది. అదే తువ్వాలుతో ఆమె చేతులు కట్టేశాడు.

ఆమె ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి ఎత్తాడు.

"కావ్యా, ముసలాడు పోయినట్టేనా?"

శ్యాంసుందర్ గొంతు. పదిహేనేళ్లు ఆ గొంతు చెప్పిందల్లా చేశాడు. చంద్రమౌళికి ఏడుపొచ్చింది.

వెంకట్రాజం బకెట్‌లోకి వాంతి చేసుకుని, మూతి తుడుచుకున్నాడు. "కోడ్ ఇగ ఎవలకు చెప్పాలె, బిడ్డా?"

చంద్రమౌళి ఫోన్ కట్ చేసి, ముసలాయన సన్నటి వేళ్లు మూడింటిని ఆయన మణికట్టు మీదే పెట్టి కొలిచి, ఆ చోట బొటనవేలితో నొక్కాడు.

"ముందుగాల వాంతులు ఆగనీ, కాకా. దేశం సంగతి తర్వాత చూద్దాం."