నలభయ్యో గేటు

"ఏవండీ, ఆ పసుపు చీర కాస్త పక్కకి జరపండి! బ్యారేజీ కనబడట్లేదు."

"మీ బ్యారేజీ కిలోమీటరు పైనే ఉంది. నా చీర ఐదున్నర మీటర్లు. ఎలా కనబడట్లేదండీ?"

ఇంత మాట అనుకునేలోపే నా కెమెరా క్లిక్‌మంది.

మే నెల ఎండలో, నీళ్ళు తగ్గిన కృష్ణలో ఇసుక మీద నడుస్తూ నేను ప్రకాశం బ్యారేజీని ముక్కలు ముక్కలుగా ఫొటో తీస్తున్నాను. ఆ అమ్మాయి తన షాపు ఇన్‌స్టా పేజీ కోసం చీరని గాలికి వదిలి వీడియో తీసుకుంటోంది. నదంతా ఖాళీగా ఉండగా సరిగ్గా నా ఇరవయ్యో ఫ్రేములోకే రావాలా?

"ఒక ఫ్రేము పాడు చేశారు," అన్నాను.

"ఇంకోటి తీసుకోండి."

"ఇది ఫిల్మండీ. రీలుకి ముప్ఫయ్యారే. ఒకటి ఎక్కించేటప్పుడే పోయింది. నాకు కావలసినవి కచ్చితంగా ముప్ఫై అయిదు. కొత్త రీలు హైదరాబాదు నుంచి రావాలి, ఆదివారం మా తాతయ్య పుట్టినరోజు."

"సారీ అండీ, బ్యారేజీ గారూ," అని నవ్వేసి చీర మడతపెట్టుకుంటూ వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ నవ్వు మాత్రం ఇంటిదాకా వచ్చింది.

మా తాతయ్య బసవపున్నయ్య గారు ముప్ఫై రెండేళ్ళు ఆ బ్యారేజీ గేట్లు ఎత్తారు, దించారు, గ్రీజు పెట్టారు. పెళ్ళిళ్ళలో ఎవరైనా పలకరిస్తే "బ్యారేజీ బసవపున్నయ్యని" అని చెప్పుకుంటారు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. కారులో తీసుకెళ్తే రోడ్డే తప్ప గేట్లు కనబడవు. ఫోన్‌లో పనోరమా తీసి చూపిస్తే, "నా బ్యారేజీని అరటికాయలా వంచేశావేంట్రా కిరీటీ!" అన్నారు.

అందుకే ఆయన పాత కెమెరా బయటికి తీశాను. ఒక్కో ఫొటోలో మూడేసి గేట్లు. ఒకదాంట్లో చివరి గేటు, తర్వాతి దాంట్లో మొదటిది. కలిసిన చోట కత్తిరించి అతికిస్తే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా డెబ్భై గేట్లూ తిన్నగా కనబడతాయి.

శుక్రవారం ప్రింట్లు వచ్చాయి. చీర ఫొటో పక్కన పెట్టేసి, దానికి అటూ ఇటూ ఉన్నవాటిని దగ్గరికి జరిపి టేపు వేశాను. గేట్లన్నీ ఒకే పోలిక, ఎవరు పట్టుకుంటారులే అనుకున్నాను.

వెనక అతికించడానికి గుడ్డ కోసం శనివారం వన్‌టౌన్‌లో ఒక షాపుకి వెళ్ళాను. కౌంటర్లో ఆ అమ్మాయే!

"రండి బ్యారేజీ గారూ! నా పేరు ప్రత్యూష. ఈసారి నేను అడ్డురాను, ఏం కావాలి?"

పన్నెండడుగుల ఫొటోని కౌంటరు మీద పరిచి, తాతయ్య గేట్ల ఉద్యోగం సంగతి చెప్పాను. ఆమె దగ్గరికి వంగి చూసింది. నాకు కాస్త గర్వంగానే ఉంది. ఇసుకలో సన్నగా పారుతున్న నీటిచాలు వెంబడి వేలు జరుపుతూ వెళ్ళి, మధ్యలో ఆగింది.

"ఇక్కడ తెగింది."

"ఏంటి?"

"నీటిచాలు. ఇక్కడ ఆగి, అక్కడ వేరే చోట మొదలైంది. పెడనలో మా నాన్న మగ్గం మీద పోగు తెగితే చిన్నప్పుడు నేనే కనిపెట్టేదాన్ని." గేట్లు లెక్కపెట్టింది. రెండోసారీ లెక్కపెట్టింది. "అరవై తొమ్మిదే ఉన్నాయండీ. నలభయ్యోది లేదు. మీ తాతయ్య గారు లెక్కపెడతారా?"

లెక్కపెట్టకుండా ఉంటారా!

"నేను పాడు చేసిన ఫొటో పారేశారా?"

షర్టు జేబులోంచి తీసి ఇచ్చాను. గాల్లో పసుపు చీర, దాని కింద ఆమె నవ్వు, వెనకాల నిండుగా నలభయ్యో గేటు.

"గేటు బాగానే ఉందిగా! మరి జేబులో ఎందుకుంది?"

"అతికిస్తే అందరూ చూస్తారు. నేనొక్కణ్ణే చూసుకుందామని." ఇక దాచి లాభం లేదు. "మీరు నాకు ఇసుకలోనే నచ్చారండీ. ఆ మాట అనలేక కోప్పడ్డాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. చాలాసేపు కత్తెర కోసం వెతికింది. కత్తెర ఎదురుగానే ఉంది.

"ముందు గేటు పెడదాం," అంది చివరికి.

కోరా గుడ్డ పరిచి, గంజి రాసి, ఇద్దరం ముప్ఫై అయిదు ముక్కలూ అతికించాం. నీటిచాలు కలిసింది. "తడి ఆరకుండా చుడితే ముడతలు పడుతుంది. రేపు నేనే తెస్తాను," అంది.

ఆదివారం సీతానగరంలో మా హాలు గోడంతా బ్యారేజీయే. తాతయ్య కళ్ళజోడు సర్దుకుని ఒక్కో గేటునీ వేలితో తాకుతూ బయల్దేరారు.

"ముప్ఫై తొమ్మిది... నలభై."

ఆగిపోయారు.

"ఎవరమ్మా ఈ పిల్ల?"

ప్రత్యూష ముందుకొచ్చింది. "నేనేనండీ. ఫొటోకి అడ్డొచ్చాను."

"అడ్డేమిటమ్మా, గేటు కడిగినట్టు కనబడుతుంటే! రిటైరైన రోజు నా చేత్తో ఆఖరున దించింది ఈ నలభయ్యోదే. దీని దగ్గరే నాకు దండ వేశారు."

నాకు సిగ్గేసింది. డెబ్భైలో నేను వదిలేసింది ఆ గేటునే!

తాతయ్య మళ్ళీ నడిచారు. డెబ్భైకి చేరి మావైపు తిరిగారు. "డెబ్భై! ఒక్కటీ పోలేదు. నా ఉద్యోగం మొత్తం గోడమీద పెట్టాడర్రా నా మనవడు!"

"నేను ఒకటి పోగొట్టాను తాతయ్యా. కనిపెట్టి పెట్టించింది ఈవిడ."

ఆయన ఆమెని చూశారు. నన్ను చూశారు. నా ముఖంలో ఏం కనబడిందో ఏమో, "మీ నాన్నగారి నంబరివ్వమ్మా. పెడన వచ్చి మాట్లాడతాను," అన్నారు.

"మోకాళ్ళు తాతయ్యా..."

"ఈ పనికి నడుస్తాయిలేరా."

ప్రత్యూష నంబరు చెప్పింది, ఒక్క అంకె తడబడకుండా. తర్వాత నా పక్కకి వచ్చి మెల్లగా అడిగింది.

"జేబు ఖాళీ అయిపోయిందా?"

"అయింది మరి."

"నెగెటివ్ ఉందిగా, ఇంకో ప్రింటు వేయించుకోండి. ఈసారి దాచక్కర్లేదు."