ఫ్లష్ పోసిన రోజు

"నువ్వు మెకానిక్‌వా, పంతులువా? ఆయిల్ మార్చనీకి గూడ ముహూర్తం పెడ్తున్నవ్?"

కారు ఆదివారం తీరిగ్గా తెమ్మన్నందుకు స్నిగ్ధ నన్ను వెక్కిరించిన మొదటి మాట అది. ఆమెకు బొల్లారంలో మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. నాన్న సత్తయ్య డ్రైవర్. ఆయన కిడ్నీలు పాడయ్యాక పాత కారు ఆమె చేతికొచ్చింది. వారానికి మూడుసార్లు ఆయన్ని కొల్లూరు నుంచి సంగారెడ్డికి డయాలసిస్‌కు తీసుకెళ్లేది. ఇంజన్ ఇంకొన్నాళ్లు మన్నాలని సింథటిక్ ఆయిల్ పొయ్యమంది.

అన్నట్టే ఆదివారం పటాన్‌చెరులో మా షెడ్డుకు తెచ్చింది.

"రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి, మేడమ్. లోపల మడ్డి పేరుకపోయి ఉంటది. పాత ఆయిల్ల మడ్డి కరగదీసే ఫ్లష్ కలిపి, పది నిమిషాలు ఇంజన్ నడిపి, అంతా దించెయ్యాలె. ఎక్కువసేపు ఉంచితే మడ్డి పెల్లలు పెల్లలుగ ఊడి ఆయిల్ దారికి అడ్డం పడ్తది."

"ల్యాబ్‌ల రోజూ క్లాస్ పీకుతరు. ఈడ గూడనా?"

ఫ్లష్ పోసి ఇంజన్ స్టార్ట్ చేశాను. వాన మొదలైంది. రేకుల కింద ఇద్దరమే. వాళ్ల సూపర్‌వైజర్ ఎలా నడుస్తాడో నడిచి చూపించింది. పడి పడి నవ్వాను. పది నిమిషాలు దాటాయని నాకు తెలుసు. ఇంజన్ ఆపితే ఆయిల్ మార్చాలి, మారిస్తే ఆమె వెళ్లిపోతుంది. నలభై నిమిషాలు ఆపలేదు. ఆ తర్వాతే పాత ఆయిల్ దించి కొత్తది పోశాను. నా బుద్ధి గడ్డి తింది.

నాలుగో రోజు, డయాలసిస్‌కు వెళ్తుంటే, రుద్రారం దాటాక ఇంజన్ పట్టేసింది. సత్తయ్యకు పొద్దుటి నుంచే ఆయాసం. ఆ వానలో గంటన్నర దాకా ఆటో దొరకలేదు. ఆస్పత్రికైతే చేరారు. తెల్లారి ఆయన పోయాడు.

ఇంజన్ విప్పింది నేనే. ఆయిల్ పీల్చుకునే జాలీ నిండా ఊడిపడ్డ మడ్డి.

దశదినకర్మ అయ్యాక కొల్లూరు వెళ్లాను. గుమ్మంలోనే ఆమె తల్లి మొగులమ్మ నా చెయ్యి పట్టుకుంది. "జెర నువ్వన్న చెప్పు దశరథ్. ఆయిల్ మార్పియ్యకుంటె బాపు బతుకుతుండె అని ఇది బువ్వ ముడ్తలేదు."

స్నిగ్ధ బాల్కనీలో కూర్చుని ఉంది. చెప్తే నన్ను మళ్లీ చూడదు. చెప్పకపోతే బతికినంతకాలం తనే చంపానని కుమిలిపోతుంది.

"తప్పు ఆయిల్‌ది కాదు. నీది గాదు. పది నిమిషాలకు ఆపాల్సిన ఇంజన్ నలభై నిమిషాలు నడిపిన."

"ఎందుకు?"

"ఆపితే నువ్వు పోతవని."

కొట్టినా బాగుండేది. ఆమె రోడ్డు వైపు తిరిగింది.

"నాకెర్కే," అంది. "నువ్వు పది నిమిషాలన్నవ్. నేను ఫోన్ల టైమ్ చూస్కుంటనే ఉన్న. ఆపమని అనలె. నాకు గూడ పోబుద్ధి గాలె."

నాకు ఏడుపొచ్చింది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

లోపలి నుంచి మొగులమ్మ కేకేసింది. "ఆ పిలగాన్ని గూడ తోలుకరా బిడ్డా, బువ్వ పెడ్త."

స్నిగ్ధ లేచి, మొదటిసారి నా చెయ్యి పట్టుకుంది.

"తినేముందు అమ్మకు చెప్పాలె," అంది. "ఇద్దరం."