గోడ మీద గాజుముక్క

కోమలి ఆ ఫ్లెక్సీ పైకెత్తగానే మోహన్ తల దించుకున్నాడు. అతని పుట్టినరోజుకు స్నేహితులు వేయించిన ఫ్లెక్సీ అది. నల్లకళ్ళద్దాలు, మీసం మెలేస్తున్న చెయ్యి. దాని వెనక గోడ కిటికీ నుంచి గచ్చు దాకా బీటలు వారి ఉంది.

"హీరోగారు బాగానే కాపలా కాస్తా ఉండారు," అందామె.

ఆమె బ్యాంకు పంపిన ఇంజనీరు. తిరుపతి శివార్లలోని ఆ ఇంటిని తాకట్టు పెట్టి, కొడుక్కి సంబంధం చూసేలోగా పైన రెండు గదులు వేయాలని మోహన్ తండ్రి వరదయ్య ఆశ. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయాక వంటావార్పూ ఆయనే. ఇల్లు గట్టిదని కోమలి రాస్తేనే లోను.

ఆ ఇల్లు పూడ్చిన కుంట మీద లేచింది. నేల ఇంకా కుంగుతోందో లేదో తేలాలని ఆమె బీటకు అడ్డంగా సన్నని గాజుముక్క పెట్టి, రెండు కొసలా సిమెంటుతో అతికించింది. నేల కదిలితే అది పగులుతుందని, వానలయ్యాక మళ్ళీ వస్తానని చెప్పింది. వరదయ్య ఇచ్చిన కాఫీ తాగి, ఇంకో అరగ్లాసు అడిగి మరీ పోయించుకుంది.

గాజు పగిలిందా అని ఆమె ఫోన్ చేసేది. లేదని మోహన్ చెప్పేవాడు. ఆ ఒక్క మాటకు అరగంట పట్టేది.

పెద్దవాన పడ్డ రోజు మోహన్ శ్రీ సిటీ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చేసరికి గాజు రెండు ముక్కలై ఉంది. నాయన చూడకముందే ఇంకోటి అతికించేశాడు. ఆ సాయంత్రం ఫోన్లో కూడా లేదనే చెప్పాడు.

వానలయ్యాక కోమలి వచ్చింది.

"సూడమ్మా, రవ్వంత కూడా కదల్లేదు. మావాడు దినామూ సూసుకుంటా ఉండాడు," అన్నాడు వరదయ్య గర్వంగా.

మోహన్‌కు తల కొట్టేసినట్టయింది. ఆమె గాజును వేలితో తడిమి అతని వైపు చూసింది. నిజం చెబితే లోను పోతుంది. చెప్పకపోతే ఆమె అబద్ధానికి సంతకం పెడుతుంది, నాయన కుంగే గోడల మీద గదులు లేపుతాడు.

"పగిలింది మేడమ్. నేనే మార్చినా."

"తెలుసు. నేను పెట్టింది సిమెంటు, మీరు ఎంసీల్ ముద్ద పెట్టినారు. మీ నోటితో చెప్తారా లేదా అని చూస్తా ఉండా."

వరదయ్య కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. మోహన్ సిగ్గుతో చచ్చిపోయాడు.

లోను ఆగింది. బాత్రూం నీళ్ళు పునాదిలోకి ఇంకుతున్నాయని చూపించి, కొత్త గాజు అతికించి కోమలి వెళ్ళిపోయింది. తండ్రీకొడుకులు ఉలుకూ పలుకూ లేకుండా కాలువ తవ్వి నీళ్ళు మళ్ళించారు, పునాది చుట్టూ కాంక్రీటు పోయించారు. మోహన్ ఆమెకు ఫోన్ చేయలేదు. ఏ మొహం పెట్టుకుని చేస్తాడు?

మళ్ళీ వానలు వచ్చి పోయాయి. గాజు చెక్కుచెదరలేదు. కోమలి వచ్చి గోరుతో గీకి, సిమెంటేనని చూసుకుని నవ్వింది. రిపోర్టు మీద సంతకం చేసింది.

"నా పని అయిపోయింది. ఇంక మీరేమన్నా అడగాలంటే అడగొచ్చు."

మోహన్ తలెత్తలేకపోయాడు. "పైన గదులకు మెట్లు లోపల్నుంచా, బయట్నుంచా?"

"లోపల్నుంచే. వానొచ్చినప్పుడు మామ పెట్టే కాఫీకి నేను తడుస్తా దిగాల్నా?"

వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. ఏడాదిగా కొడుకుతో సరిగ్గా మాట్లాడని వరదయ్య గొంతు వినిపించింది.

"ఒరే మోహనా, పాలు చాలవు. పోయి తీసుకురా."